తునికాకుల తడి

సత్తవ్వకు ఉన్నది ఒక్కటే కిడ్నీ. ఎడమది. కుడిది ఎట్లా పోయిందో తెలిసినవాళ్లం ఈ లోకంలో ఇద్దరమే. ఒకాయన డాక్టరు, నాలుగేళ్ల కింద చనిపోయాడు. రెండోదాన్ని నేను. పన్నెండేళ్లు నోరు కుట్టుకుని తిరిగాను. మొన్న ఫిబ్రవరిలో, మిగిలిన ఆ ఒక్క కిడ్నీని కాపాడే ఆపరేషన్‌కు కత్తెరలు, పట్టకార్లు సర్దిపెట్టాల్సిన చేతులు కూడా నావే అయ్యాయి.

నా పేరు కృపారాణి. మాది గంభీరావుపేట. జగిత్యాలలో ఒక దవాఖానలో ఆపరేషన్ థియేటర్ సిస్టర్‌గా చేస్తున్నాను. నా గురించి ఇంతకన్నా చెప్పుకోవడానికి నాకు మొహం చెల్లదు. ఇది సత్తవ్వ కథ.

సత్తవ్వది కోరుట్ల. తొమ్మిదో ఏట చాట ఒళ్లోకి వచ్చింది. చాటలో తంబాకు, పక్కన తడిగోనెలో చుట్టిన తునికాకు, చేతిలో కత్తెర. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, రోజుకు వెయ్యి బీడీలు. పెళ్లయినా అదే చాట, బిడ్డ పుట్టినా అదే చాట. భర్త పోశం మస్కట్‌లో కూలిపని చేసేవాడు, రెండేళ్లకోసారి ఇంటికి వచ్చేవాడు. ఇంట్లో అత్త మొగిలవ్వ, బిడ్డ స్వప్న.

ముప్పై ఒకటో ఏట సత్తవ్వకు నడుము నొప్పి పట్టుకుంది, తెల్లబట్ట అవుతోంది. రోజంతా ఒంగి కూర్చుని బీడీలు చేసేదానికి నడుము నొప్పి రాక ఏమొస్తుంది? అందులో గర్భసంచి చేసిన పాపం ఏముంది? కానీ అప్పట్లో మా వైపు ఆడది నడుము పట్టుకుని దవాఖానకు పోతే చాలు, సంచి తీసేయాలి అనేవాళ్లు. తీయకపోతే క్యాన్సర్ అవుతుందని ఒక మాట పడేసేవాళ్లు. పిల్లల్ని కన్నాక అది ఉంటే ఎంత, లేకుంటే ఎంత అని ఇంట్లోవాళ్లూ వంత పాడేవాళ్లు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమంటే ఇదే. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆమె ఆపరేషన్ కోరుట్లలోనే ఒక చిన్న నర్సింగ్ హోంలో జరిగింది. పేరు రాయను. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. నర్సింగ్ కోర్సు అయిపోయి మూడు నెలలు. డాక్టరుకు ఎదురుగా నిలబడి సామాను అందించడం నా పని.

కిడ్నీ నుంచి మూత్రసంచికి దిగే గొట్టం అటొకటి, ఇటొకటి ఉంటుంది. పెన్నులో రీఫిల్ అంత సన్నం. అది గర్భసంచి పక్క నుంచే, దానికి రక్తం తెచ్చే నాళం కింది నుంచే పోతుంది. రక్తం లేనప్పుడే దాన్ని పోల్చుకోవడం కష్టం. రక్తంలో మునిగితే ఏది నరమో, ఏది గొట్టమో దేవుడికే తెలియాలి. సత్తవ్వకు కుడిపక్క ఒక్కసారిగా రక్తం ఎగిసింది. డాక్టరు కంగారుపడ్డాడు. ఆ రక్తంలోకే పట్టకారు దింపి, అందినదాన్ని అందినట్టు పట్టుకుని, కట్టి, కోశాడు. రక్తం ఆగింది. అందరం హమ్మయ్య అనుకున్నాం.

అప్పుడు చూశాను. కోసిన చోట నీళ్లు ఊరుతున్నాయి. ఎర్రగా కాదు. తేటగా, సన్నగా, ఆగకుండా.

"సార్, ఈడ నీళ్లు ఊరుతున్నయి," అన్నాను.

"కడిగేటందుకు సెలైన్ పోసినం గదా, గదే. డాక్టర్‌వు నువ్వా, నేనా? గుడ్డలు లెక్కవెట్టు."

రక్తం అద్దిన గుడ్డలు లోపల ఒక్కటీ మిగలకుండా బయటికి వచ్చాయో లేదో లెక్కపెట్టాను. సరిపోయాయి. కడుపు కుట్టేశారు. పోసిన సెలైన్ మొత్తం పది నిమిషాల ముందే నా చేతులతోనే పీల్చి తీశాను. అది సెలైన్ కాదని, మూత్రమని నాకు తెలుసు. అయినా ఆ మాట రెండోసారి అనలేదు. ఉద్యోగం పోతుందనీ, సార్ తిడతాడనీ, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల మాట ఎవరు వింటారనీ తర్వాత నాకు నేను ఎన్నో చెప్పుకున్నాను. ఒక్కటీ పనికి రాలేదు. గొట్టం తెగినట్టు అప్పుడే కనిపెడితే అక్కడికక్కడే కుట్టి బాగుచేయొచ్చు. కడుపు మూసేశాకే అసలు గోస. ఇది మా పాఠాల్లోనే ఉంది, నేను చదివి పాసయ్యాను.

పన్నెండో రోజు సత్తవ్వ మళ్లీ వచ్చింది. చీర తడుస్తోంది. మామూలుగా ఒంటికి పోతూనే ఉంది, అది కాక చుక్కచుక్కగా కారుతూనే ఉంది. ఆపరేషన్ అయినవాళ్లకు ఇది మామూలేనని డాక్టరు మాత్రలు రాశాడు. ఆమె బయటికి వచ్చి, చుట్టూ ఎవరూ లేనిది చూసి నా చెయ్యి పట్టుకుంది.

"చెల్లె, గిది తగ్గుతదా? నిజం చెప్పు."

"తగ్గుతదక్కా. జర ఓపిక పట్టు. మెత్తటి బట్ట పెట్టుకో," అన్నాను.

రెండు నెలలకు ఆ ఉద్యోగం మానేసి జగిత్యాల వచ్చేశాను. ఆ తర్వాత ఆమెకు ఏమైందో, మొన్న మా వార్డులో పడుకుని తన నోటితో చెబితేనే నాకు తెలిసింది. నేనెవరో ఆమె గుర్తుపట్టలేదు. నేను మాత్రం కేసు షీటు మీద పేరూ ఊరూ చూడగానే పోల్చుకున్నాను.

తగ్గలేదు. ఎట్లా తగ్గుతుంది? కూర్చున్నా, నిలబడ్డా కారుతూనే ఉంది. ఇటువంటిది ఎవరికి చెప్పుకుంటుంది? సత్తవ్వ ఒక ఉపాయం చేసింది. తునికాకు పొడిగా ఉంటే చుట్టేటప్పుడు పగులుతుంది. అందుకని నీళ్లలో ముంచి తడిగోనెలో మూట కట్టిపెట్టుకుంటారు. అందరూ ఆ మూటను పక్కన పెట్టుకుంటే, సత్తవ్వ తొడకు ఆనించి పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఇంకో తడిగోనె మడతపెట్టి దాని మీదే కూర్చునేది. నలుగురు ఆడవాళ్లు కూడి బీడీలు చేసే అరుగు మీద ఎవరో ఒకరు అననే అంటారు.

"ఏందే సత్తవ్వా, చీరె గట్ల నానింది?"

"ఆకు తడి."

కొన్ని నెలలు ఆ రెండు మాటలే ఆమె పరువు కాపాడాయి. కాపాడాయో, ముంచాయో! ఇంకే పనిలో ఉన్నా పదిహేను రోజుల్లో బయటపడేది. ఎవరో ఒకరు రెక్క పట్టుకుని పెద్ద దవాఖానకు లాక్కుపోయేవాళ్లు. గొట్టాన్ని మళ్లీ అతికించేవాళ్లు, కిడ్నీ మిగిలేది. ఇక్కడ తంబాకు ఘాటు మూత్రం వాసనను కప్పింది, ఆకు తడి అసలు తడిని కప్పింది. బుక్కెడు బువ్వ పెట్టిన పనే ఆమె రోగాన్ని దాచిపెట్టింది.

అరుగు మీదివాళ్ల కళ్లు కప్పవచ్చు గానీ, ఇంట్లో అత్త కళ్లు కప్పడం ఎవరి తరం? మొగిలవ్వ దండెం మీది బట్టలు చూసింది, మంచం మీది పక్క చూసింది.

"మొగడు మస్కట్ల ఉండె. నీకు గీ పాడు రోగం యాడికెల్లి అచ్చిందే?" అంది.

అంతే. ఆ మాట గడప దాటింది, వాడకట్టంతా తిరిగింది, ఫోనులో సముద్రం కూడా దాటింది. పోశం సెలవు మీద వచ్చినప్పుడు మంచం వాకిట్లో వేసుకున్నాడు. రెండు నెలలు ఉండాల్సినవాడు పద్దెనిమిది రోజులకే తిరిగిపోయాడు. మళ్లీ రాలేదు. ఆ తర్వాత ఫోను కూడా బందయింది.

స్వప్నకు అప్పుడు పదేళ్లు. "మీ అమ్మకు ఖరాబ్ బీమారట" అని బడిలో పిల్లలు అన్నారు. ఆ పిల్ల ఇంటికి వచ్చి, తల్లి కలిపి నోటికందించిన ముద్దను చేత్తో తోసేసింది. మరుసటి ఏడు తనంతట తానే హాస్టల్‌కు పోతానంది, పోయింది. సత్తవ్వ ఇదంతా చెప్పేటప్పుడు అత్తను తిట్టింది, మొగుణ్ని తిట్టింది, బిడ్డను మాత్రం ఒక్క మాట అనలేదు.

మూడో ఎండాకాలంలో తడి ఆగిపోయింది. ఒక్కరోజులో కాదు, తగ్గుతూ తగ్గుతూ ఒకనాటికి బట్ట పొడిగా ఉంది. సత్తవ్వ నమ్మలేదు. వారం చూసింది, నెల చూసింది. ఆ తర్వాత వేములవాడ రాజన్న దగ్గరికి పోయి, మొక్కుకున్నట్టే కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేసి వచ్చింది.

"రాజన్న నా దిక్కు సూసిండు సిస్టరమ్మా," అని చెబుతుంటే ఆమె మొహం విప్పారింది.

నేను బీపీ పట్టీ ఆమె రెక్కకు చుడుతూ తల దించుకున్నాను. తెగిన గొట్టం మచ్చపడి పూర్తిగా మూసుకుపోయింది. దిగే దారి లేక మూత్రం పైనే నిలిచి నిలిచి కుడి కిడ్నీ చచ్చిపోయింది. ఇక కారడానికి ఏముంది? ఆమె కోడె కట్టింది కిడ్నీ చచ్చిన సంబరానికి. ప్రభువా, ఆ మాట ఆ మొహం చూస్తూ ఎట్లా చెప్పను? చెప్పలేదు. బీపీ ఎంతో రాసుకుని వచ్చేశాను.

ఇక ఈ జనవరి సంగతి. సత్తవ్వకు ఎడమపక్క నొప్పి, జ్వరం. వాడకట్టు ఆరెంపీ ఇచ్చిన మాత్రలు మూడు వారాలు మింగింది. తగ్గకపోయేసరికి స్వప్న వచ్చి మా దవాఖానకు తీసుకొచ్చింది. స్వప్నకిప్పుడు ఇరవై రెండు. సిరిసిల్లలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని, అక్కడే గది తీసుకుని ఉంటుంది. తల్లికి ఏ లోటూ రానివ్వలేదు. మందులు, పండ్లు, దుప్పటి అన్నీ తెచ్చింది. తన తిండి మాత్రం హోటల్ నుంచి పార్సిల్ తెచ్చుకుని వరండాలో బల్ల మీద కూర్చుని తినేది. "దా బిడ్డా, ఒక ముద్ద తిను" అని తల్లి పిలిస్తే "తర్వాత తింటనే" అనేది. ఆ తర్వాత ఎప్పుడూ రాదని తల్లికీ తెలుసు, అయినా రోజూ పిలిచేది.

మా డాక్టరు రుచిత మేడంది కోనరావుపేట. పాత దొరల ఇంటి పిల్ల. వాళ్ల గడీ ముందు మా తాతలు చెప్పులు చేతపట్టుకుని నడిచారట. ఈమె నన్ను "మీరు" అంటే మొదట్లో నాకు అనుమానంగానే ఉండేది. ఇప్పుడు లేదు. పని తెలిసిన మనిషి. స్కానింగ్ ఫిల్మును ఆమె రెండుసార్లు వెలుగుకు పెట్టి చూసింది. కుడి కిడ్నీ ఎండిన రేగుపండంత అయింది. ఎడమ అండాశయం మీద కొబ్బరికాయంత గడ్డ. మిగిలిన ఆ ఒక్క గొట్టాన్నీ ఈ గడ్డ నొక్కుతోంది. పైన కిడ్నీ అప్పుడే ఉబ్బడం మొదలైంది.

"సత్తవ్వా, నీకున్నది ఒక్కటే కిడ్నీ," అని తల్లీబిడ్డలను కూర్చోబెట్టి చెప్పింది. "గడ్డను ఇట్లనే ఇడిస్తే గొట్టం మూసుకపోయి అది గూడ పోతది. తీయాలంటే గొట్టం గడ్డకు అతుక్కొని ఉన్నది, తెగే భయం ఉన్నది. పోతే ఇగ వారానికి మూడుసార్లు డయాలసిసే."

"అంటే మూసుకపోయినా సచ్చుడే, తెగినా సచ్చుడే," అంది సత్తవ్వ. "వారానికి మూడు దినాలు మిషన్ పక్కన పండుకుంటే బీడీలెవలు జేత్తరు? నా బిడ్డ మీద పడాలె. వద్దు మేడం, ముట్టకుండ్రి."

"నువ్వు సప్పుడు జెయ్యకే అమ్మా," అంది స్వప్న, తల్లి వైపు చూడకుండా. "చెయ్యండ్రి మేడం. సంతకం నేను పెడుత. కుడిది ఎట్ల పోయింది మరి?"

మేడం సత్తవ్వ పొట్ట మీది పాత మచ్చ వైపు ఒకసారి చూసింది.

"పాతది గదా. ఇప్పుడు చెప్పుడు కష్టం," అంది.

డాక్టర్ల తప్పు డాక్టర్లు నోటితో చెప్పరు. నేను మందుల ట్రే సర్దుతూ పక్కనే నిలబడి ఉన్నాను. నేనూ చెప్పలేదు.

ఆ వారం మా థియేటర్‌లో ఒక కొత్త కెమెరా ఉంది. మాది కాదు. కొంటారేమోనని చూపించడానికి హైదరాబాద్ నుంచి తెచ్చారు, శనివారం తీసుకుపోతారు. పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి, టీవీలో చూస్తూ చేసే ఆపరేషన్‌కు వాడే కెమెరానే. కాకపోతే దానికి ఇంకో చూపు ఉంది. ఆకుపచ్చ పొడి ఒకటి నీళ్లలో కలిపి గొట్టంలోకి ఎక్కిస్తే, మన కంటికి ఆనని వెలుగులో ఆ గొట్టం మిణుగురులా మెరుస్తుంది. పైన పొర కప్పి ఉన్నా తెర మీద గీతలా కనబడుతుంది. దాంతోనే చేద్దామని మేడం పట్టుబట్టింది. కరీంనగర్ నుంచి వారానికి రెండుసార్లు వచ్చే కిడ్నీల సర్జన్ విశ్వజిత్ సార్ మాత్రం ఒప్పుకోలేదు.

"ఉన్నదే ఒక్క గొట్టం. రంగు ఇయ్యాలంటే అందులకు కింది నుంచి పైపు ఎక్కించాలె. అది గీసుకొని పుండైతే ఎవరు జవాబు చెప్పాలె?"

"ఎక్కించకుంటే గుడ్డిగ కోయాలె సార్. గుడ్డిగ కోస్తే ఏమైతదో ఆమె కుడిపక్క చూడండి," అంది మేడం.

సార్ సరేనన్నాడు. ఆ మాట తగలాల్సినచోట తగిలింది. నేను చేతులు కడుక్కునే మిషతో బయటికి పోయాను.

గురువారం పొద్దున తొమ్మిదింటికి సత్తవ్వను బల్ల మీద పడుకోబెట్టారు. మత్తు ఇచ్చేముందు ఆమె తల తిప్పి నన్ను వెతికింది.

"సిస్టరమ్మా, నువ్వు లోపటనే ఉంటవ్ గదా?"

"ఉంటనక్కా."

రంగు కలిపింది నేనే. చిన్న సీసా, అడుగున చిటికెడు ముదురాకుపచ్చ పొడి. నీళ్లు పోసి, పొడి కరిగేదాకా కలిపాను. విశ్వజిత్ సార్ మూత్రసంచిలోంచి సన్నటి పైపు ఎక్కించాడు. కొంచెం దూరం పోయి ఆగింది.

"ముందటికి పోతలేదు. గడ్డ నొక్కుతున్నది," అన్నాడు.

"బలం పెట్టకండి. ఆడికెల్లే రంగు ఇయ్యండి."

ఇచ్చాడు. కెమెరా చూపు మార్చారు. తెర నల్లగా ఉంది. ఎక్కడా చుక్క వెలుగు లేదు. ఒక నిమిషం పోయింది, రెండు పోయాయి. సార్ తల అడ్డంగా ఊపాడు. మేడం పట్టకారుతో గడ్డను మెల్లగా వేలెడంత పైకి లేపింది. నొక్కుడు సడలింది. తెర కింది మూల నుంచి ఒక ఆకుపచ్చ గీత పుట్టి, పాకుతూ పాకుతూ పైకి పోయింది. నాకు ఏడుపొచ్చింది. మాస్కు ఉంది కాబట్టి సరిపోయింది.

గొట్టం గడ్డ వెనక ఉంటుందని అందరం అనుకున్నాం. లేదు. గడ్డ ముందు నుంచి, దాని తోలుకే అతుక్కుని పోతోంది.

"నేను మొదలు కోద్దామనుకున్నది ఈడనే," అంది మేడం.

మూడు గంటలు పట్టింది. గడ్డను గొట్టం మీద నుంచి కొంచెం కొంచెంగా ఒలిచింది మేడం. గీత మసకబారినప్పుడల్లా ఇంకొంచెం రంగు ఇచ్చారు. పన్నెండు దాటాక, ఇక అయిపోయిందనుకున్నప్పుడు, రక్తం ఎగిసింది. పన్నెండేళ్లు నా కళ్ల ముందు ఆడిన రక్తమే. మేడం పట్టకారు అడిగింది, ఇచ్చాను. పట్టుకుంది. రక్తం ఆగింది. అందరూ హమ్మయ్య అన్నారు.

నేను తెర మీది గీతనే చూస్తున్నాను. అది పట్టకారు మూతి దాకా వచ్చి, లోపలికి ముడుచుకుపోయినట్టు కనబడుతోంది.

"మేడం," అన్నాను. ఎవరూ వినలేదు. ఆమె కత్తెర కోసం చెయ్యి చాచింది. కత్తెర నా చేతిలోనే ఉంది. ఇవ్వలేదు.

"మేడం, ఆగుండ్రి! గొట్టం పట్టకార్ల ఇరికింది!"

థియేటర్‌లో అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. మేడం ఆగి, కెమెరాను దగ్గరికి జరిపించింది. గొట్టం మడత ఒకటి పట్టకారు మూతిలో చిక్కి ఉంది. మెల్లగా వదిలించింది. రక్తం మళ్లీ కారింది. గుడ్డ అదిమి నిలిపి, ఈసారి నాళాన్ని మాత్రమే పట్టుకుంది. ఆకుపచ్చ గీత కింది నుంచి పైదాకా ఎక్కడా తెగకుండా వెలిగింది.

"మంచిగ చెప్పిన్రు కృపా," అంది మేడం.

ఆ మెచ్చుకోలు నాకు ముల్లులా గుచ్చుకుంది. రెండోసారి నోరు తెరవడానికి పట్టింది ఒక్క క్షణం. అప్పుడూ అంతే పట్టేది.

రెండు రోజులు గడిచాయి. మూత్రం సంచి నిండుతోంది, కిడ్నీ ఉబ్బు దిగుతోంది. గడ్డ క్యాన్సర్‌ది కాదని తేలింది. ఆ మధ్యాహ్నం సత్తవ్వకు మెత్తటి అన్నం పెట్టవచ్చన్నారు. పప్పన్నం పళ్లెం పక్కన పెట్టుకుని నన్ను పిలిచింది.

"నా గొట్టం టీవీల మెరిసిందట గదా. ఏది, నాకు జర సూపియ్యరాదు."

మేడం దాచమని ఇచ్చిన వీడియో నా ఫోనులో ఉంది. చూపించాను. సత్తవ్వ నోరు తెరిచి చూసింది.

"గీ పచ్చగీత నాదేనా?"

"నీదే అక్కా."

"గా దిక్కుది సూపియ్యి. కుడిది."

"అది లేదక్కా."

"అప్పుడు గీ మిషన్ లేకుండెనా?"

"లేకుండె."

ఆమె ఫోను నా చేతికిచ్చేసింది.

"మిషన్ లేకుంటె కండ్లు గూడ లేకుండెనా సిస్టరమ్మా?"

పన్నెండేళ్లుగా ఈ మాట ఎవరో ఒకరు అడుగుతారని భయపడ్డాను. ఆమెకు ఏమీ తెలియదు. ఊరికే, కడుపు మంటతో అన్నది.

"ఉండె అక్కా," అన్నాను. "నాయి ఉండె."

అంతా చెప్పాను. తేటనీళ్లు చూసింది, ఒకసారి అన్నది, రెండోసారి అననిది, గుడ్డలు లెక్కపెట్టింది, తగ్గుతుందని అబద్ధమాడింది. తడి ఎందుకు ఆగిందో కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. పళ్లెం విసిరికొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"గా చెల్లెవు నువ్వేనా?" అంది.

"నేనే."

"రాజన్నకు ఉత్తగనే కోడె గట్టిన్నా నేను?"

దుప్పటి అంచు మడిచింది, విప్పింది.

"అయితే గది పాడు రోగం గాదు," అంది.

"కాదక్కా. కోసినప్పుడు గొట్టం తెగింది. అంతే."

"ఆయన నన్ను అనుమానపడ్డడు. నేను గూడ ఆయన్నే అనుమానపడ్డ చెల్లె. మస్కట్ల ఎవతో దగ్గరికి పోయి నాకు అంటిచ్చిండేమో అనుకున్న. గా మాట మొకం మీదనే అన్న. అందుకే మల్ల రాలే." ఏడ్చింది. కుట్లు నొప్పి పుట్టేట్టు ఏడ్చింది. నేను పట్టుకోబోతే నా చెయ్యి తీసేసింది.

"నన్ను మాఫ్ చెయ్యక్కా," అన్నాను.

"మాఫీ నువ్వే పెట్టుకో. నాకెందుకది?" కళ్లు తుడుచుకుని నన్ను సూటిగా చూసింది. "నాకు జెప్పిన మాట నా బిడ్డకు జెప్పు. నా ముందట గాదు. నా ముందట అది ఏడ్వది."

బయటికి వచ్చాను. స్వప్న వరండాలో బల్ల మీద కూర్చుని హోటల్ పార్సిల్ విప్పుతోంది. ఎదురుగా నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నన్ను ఆమె ఏమన్నా పడదామనే నిలబడ్డాను. ఆ పిల్ల విప్పిన దారాన్నే మళ్లీ పార్సిల్‌కు చుట్టడం మొదలుపెట్టింది. చుట్టిందే చుట్టింది.

"నేను గూడ నానమ్మ మాటే పట్టుకున్న సిస్టర్," అంది. "పదేండ్లప్పుడు గా ముద్ద నూకేసిన. మల్ల అమ్మ చేతి బువ్వ తినలే. పండుగకు పోయినా వేరే కంచమే. ఇప్పటిదాక."

లోపల్నుంచి సత్తవ్వ దగ్గు వినబడింది. స్వప్న తలుపు వైపు చూసి, చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడు ఏ మొకం పెట్టుకొని లోపటికి పోవాలె?"

"నేనే పోయచ్చిన గదా," అన్నాను. "నువ్వు పోలేవా? నడువు. మీ అమ్మ పళ్లెంల అన్నం సల్లారిపోతంది."

లేచింది. పార్సిల్ బల్ల మీదే వదిలేసి నా వెనక వచ్చింది.